జాజ్ డ్యాన్స్ క్లాస్‌కు ఫస్ట్ టైం వెళ్తున్నారా? ముందు ఈ జాక్ కోల్ కథ తెలుసుకోండి.. అందులో మన అరమండి కూడా ఉంది!

హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్ వెళ్లే 44వ నంబర్ హైవే మీద నిర్మల్ దాటి ఆదిలాబాద్ వైపు వెళ్తుంటే ఇచ్చోడ వస్తుంది. అన్ని ఊర్లలాగే ఇక్కడ కూడా ఇప్పుడు డ్యాన్స్ ఫోన్‌లోనే మొదలవుతోంది. రీల్ చూసి స్టెప్ పట్టేస్తారు.. స్కూల్ యానివర్సరీలోనో, పెళ్లి బరాత్‌లోనో వేసేస్తారు. కానీ చదువుకో, ఉద్యోగానికో హైదరాబాద్ వెళ్లాక డ్యాన్స్ స్టూడియో బోర్డు మీద జాజ్ బిగినర్స్ అని కనిపిస్తే మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోతారు. అది ఇంగ్లిషోళ్ల డ్యాన్స్, మనకు రాదు, లోపలికి పోతే అందరూ నవ్వుతారు అన్న భయమే కారణం.

అసలు సంగతి వేరే ఉంది. ఆ క్లాసులో మొదటి రోజు చేయించే వాటిలో కొన్ని మన దక్షిణాది నుంచి అమెరికాకు వెళ్లి, పేరు మార్చుకుని తిరిగొచ్చినవే. మరికొన్ని ఆఫ్రికా నుంచి బానిసలుగా తీసుకెళ్లిన మనుషులు కాపాడుకున్నవి. ఈ రెండింటినీ ఒక్కచోట కలిపి, పద్ధతిగా నేర్పిన వ్యక్తి జాక్ కోల్. ఆయన చనిపోయి 50 ఏళ్లు దాటింది. ఆయన కథ తెలిస్తే జాజ్ క్లాసులో ఏం చేయిస్తారో, ఎందుకు చేయిస్తారో అర్థమవుతుంది. అదేంటో చూద్దాం..

ఇంతకీ ఎవరీ జాక్ కోల్?

1911 ఏప్రిల్ 27న అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, న్యూ బ్రన్స్‌విక్‌లో పుట్టారు. అసలు పేరు జాన్ యూయింగ్ రిక్టర్. జాక్ కోల్ అన్నది తర్వాత వచ్చిన పేరు. స్టేజీ మీద, సినిమాల్లో కనిపించే జాజ్ డ్యాన్స్‌కు ఆయన్ని పితామహుడిగా చెప్తారు. మార్లిన్ మన్రో పాటలకు, రీటా హేవర్త్ పాటలకు స్టెప్పులు నేర్పింది ఆయనే. ఆ పాటలు చూసినవాళ్లు కోట్లలో ఉంటారు. ఆయన పేరు తెలిసినవాళ్లు మాత్రం చాలా తక్కువ.

1930లో, 19 ఏళ్ల వయసులో కోల్ డెనిషాన్ అనే డ్యాన్స్ బృందంలో చేరారు. రూత్ సెయింట్ డెనిస్, టెడ్ షాన్ అనే భార్యాభర్తలు 1915లో మొదలుపెట్టిన సంస్థ అది. రూత్‌కు తూర్పు దేశాలంటే పిచ్చి ఇష్టం. ఇండియాను చూడకముందే 1906లో రాధ పేరుతో ఒక డ్యాన్స్ చేశారు. చీరలాంటి బట్టలు, దీపాలు, గుడి సెట్టింగ్.. అన్నీ ఉన్నాయి. మన నాట్యం మాత్రం లేదు! అది ఆమె ఊహించుకున్న ఇండియా అంతే. తర్వాత 1925, 26లో ఆ బృందం ఇండియాకు వచ్చి ప్రదర్శనలు ఇచ్చింది.

కోల్ తొలి పాఠాలు అక్కడివే. అయితే ఈ ఊహల ఇండియా ఆయనకు సరిపోలేదు. చెయ్యి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది, మెడ ఎలా కదులుతుంది, పాదం ఏ లెక్కన పడుతుంది అన్నది తెలియాలి కదా అన్న పట్టుదల వచ్చింది. డ్యాన్స్ మీద దొరికిన పుస్తకమల్లా చదివారు. ఆ తర్వాత డోరిస్ హంఫ్రీ, చార్ల్స్ వైడ్‌మన్‌ల మోడర్న్ డ్యాన్స్ బృందంలోనూ పనిచేశారు.

ఆయనకు మన నాట్యం నేర్పింది ఎవరు?

ఇక్కడ మరో పేరు చెప్పుకోవాలి.. లా మెరీ. 1899లో అమెరికాలోనే పుట్టిన ఈ డ్యాన్సర్ దేశదేశాలు తిరిగి, ఏ దేశం డ్యాన్స్ ఆ దేశం గురువుల దగ్గరే నేర్చుకున్నారు. 1930ల రెండో భాగంలో ఇండియాకు వచ్చినప్పుడు భరతనాట్యం నేర్చుకున్నారు. ఆమెకు నేర్పినవాళ్లలో మైలాపూర్ గౌరీ అమ్మాళ్ ఒకరు. మద్రాసులోని కపాలీశ్వర ఆలయానికి చెందిన దేవదాసి కుటుంబంలోని కళాకారిణి ఆమె. బాలసరస్వతి, రుక్మిణీదేవి అరుండేల్ లాంటివాళ్లకు కూడా గురువు.

అప్పటి రోజులు గుర్తు చేసుకోవాలి. దేవదాసీలను, మన తెలుగు ప్రాంతాల్లో కళావంతులను సమాజం వెలివేసినట్టు చూస్తున్న కాలం అది. గుళ్లలో, పెళ్లిళ్లలో వాళ్ల నాట్యం ఆపాలని పెద్ద ఉద్యమమే నడిచింది. 1947లో మద్రాస్ రాష్ట్రంలో చట్టం కూడా వచ్చింది. అంటే ఇక్కడ ఆ నాట్యాన్ని బతికించిన ఆడవాళ్ల బతుకు తెరువు పోతున్న రోజుల్లోనే.. అక్కడ అమెరికాలో అదే నాట్యం కొత్త జన్మ ఎత్తుతోందన్నమాట.

1940లో లా మెరీ, రూత్ సెయింట్ డెనిస్ కలిసి న్యూయార్క్‌లో స్కూల్ ఆఫ్ నాట్య పెట్టారు. కోల్‌కు భరతనాట్యం పాఠాలు అందింది ఈ లా మెరీ దగ్గరే. అరమండి, అడవులు, హస్తాలు, మెడ కదలికలు అన్నీ పద్ధతిగా నేర్చుకున్నారు. అడవులంటే మన ఆదిలాబాద్ అడవులు కాదండోయ్.. భరతనాట్యంలో కాలు, చెయ్యి కలిపి వేసే మూల స్టెప్పును అడవు అంటారు. తట్టడవు, నట్టడవు ఆ లెక్కే.

నైట్ క్లబ్‌లో స్వింగ్ బీట్‌కు భరతనాట్యం

1930ల్లో అమెరికాలో ఘోరమైన ఆర్థిక మాంద్యం. పనుల్లేవు, జీతాల్లేవు. మోడర్న్ డ్యాన్స్‌తో పొట్ట నిండే పరిస్థితి లేదు. కళ అంటూ కూర్చుంటే అద్దె ఎవరు కడతారు? అందుకే కోల్ నైట్ క్లబ్‌ల బాట పట్టారు. ముందు ఆలిస్ డడ్లీతో జోడీగా డ్యాన్స్ చేశారు. తర్వాత ఆన్నా ఆస్టిన్, ఫ్లోరెన్స్ లెస్సింగ్ అనే ఇద్దరు డ్యాన్సర్లతో సొంత బృందం పెట్టుకున్నారు. న్యూయార్క్‌లో రాక్‌ఫెల్లర్ సెంటర్ 65వ అంతస్తులో ఉన్న రెయిన్‌బో రూమ్‌లోనూ వీళ్ల ప్రోగ్రాంలు జరిగాయి.

నైట్ క్లబ్‌లో జనం తింటుంటారు, తాగుతుంటారు, మాట్లాడుకుంటుంటారు. వాళ్ల తల ఇటు తిప్పాలంటే మామూలు డ్యాన్స్ చాలదు. అప్పుడే కోల్ ఎవరూ చేయని పని చేశారు. భరతనాట్యం కదలికల్ని తీసుకుని వెనకాల స్వింగ్ జాజ్ మ్యూజిక్ పెట్టారు! మోకాళ్లు వంచి కిందికి దిగిన నడుము, ఖచ్చితంగా ఆగే చేతులు, పక్కకు జరిగే మెడ.. వీటన్నిటికీ ట్రంపెట్లు, డ్రమ్ముల బీట్. ఈ కలయికకు హిందూ స్వింగ్ అని పేరు పడింది. 

ఇది మన వాళ్లకు నచ్చుతుందా అంటే, అందరికీ నచ్చకపోవచ్చు. దేవుడి ముందు చేసే నాట్యం బార్‌లో ఏంటి అని కోపం రావడంలో తప్పు లేదు. కానీ కోల్ దాన్ని వెక్కిరింపుగా చేయలేదు. ఆ టెక్నిక్‌ను ఏళ్ల తరబడి సాధన చేశారు. తన డ్యాన్సర్లతోనూ అదే సాధన చేయించారు.

హార్లెం లేకపోతే జాజ్ లేదు

కథలో సగమే చెప్పుకున్నాం. మిగతా సగం నల్లజాతి అమెరికన్లది. అసలు జాజ్ అనే సంగీతమే వాళ్లది. ఆ డ్యాన్సూ వాళ్లదే. న్యూయార్క్‌లోని హార్లెంలో 1926లో తెరిచిన సవాయ్ బాల్‌రూమ్‌లో రాత్రంతా లిండీ హాప్ ఆడేవారు. మోకాళ్లు వదులుగా, బరువంతా నేల మీద, తుంటి ఒక లయలో, భుజాలు ఇంకో లయలో.. జోడీగా ఆడుతూ గాల్లోకి ఎగిరేవారు. సవాయ్‌లో తెల్లవాళ్లు, నల్లవాళ్లు ఒకే ఫ్లోర్ మీద ఆడే వీలుండేది. అదే హార్లెంలోని కాటన్ క్లబ్‌లో మాత్రం స్టేజీ మీద నల్లవాళ్లు, టేబుళ్ల దగ్గర తెల్లవాళ్లు. కళ కావాలి, కళాకారుడు పక్కన కూర్చోవద్దు అన్న రోజులవి.

కోల్ హార్లెం ఆటను దగ్గరగా గమనించారు. జాజ్ డ్యాన్స్‌ను నగరాల్లో పుట్టిన జానపద నృత్యంగానే ఆయన చూశారు. ఈ మాట ఇచ్చోడ చుట్టుపక్కల వాళ్లకు చప్పున అర్థమవుతుంది. జానపదం అంటే ఎవరో ఒక్కరు రాసింది కాదు, ఊరంతా కలిసి తరతరాలుగా ఆడుతూ నిలబెట్టింది కదా!

ఇంకో పేరు కూడా ఇక్కడే చెప్పాలి. కాథరిన్ డన్‌హామ్.. 1909లో పుట్టిన నల్లజాతి డ్యాన్సర్, మానవ శాస్త్రం చదివిన పరిశోధకురాలు. 1930ల మధ్యలో హైతీ లాంటి కరీబియన్ దీవులకు వెళ్లి అక్కడి నృత్యాలు నేర్చుకుని, వాటి నుంచి ఒక టెక్నిక్ తయారు చేశారు. ఒంట్లో ఒక్కో భాగాన్ని విడివిడిగా కదిలించే సాధనలో ఆమెది పెద్ద చెయ్యి. జాజ్ క్లాసులన్నిటికీ కోల్ ఒక్కరే కారణం అనుకుంటే పొరపాటే.

ఇప్పుడు మీ క్లాసులోకి వద్దాం: మొదటి అరగంట

బిగినర్ జాజ్ క్లాస్ సాధారణంగా గంట నుంచి గంటన్నర ఉంటుంది. ముందుగా వార్మప్. మెల్లగా శరీరం వేడెక్కించి, కండరాలు వదులు చేస్తారు. ఆ తర్వాత మోకాళ్లు వంచి నిలబడమంటారు. దాన్ని ప్లియే అంటారు, అది బ్యాలే నుంచి వచ్చిన ఫ్రెంచ్ మాట. పేరు విని కంగారు పడొద్దు. భరతనాట్యమో, కూచిపూడో నేర్చుకున్నవాళ్లు అరమండి గుర్తు చేసుకుంటే చాలు. కోల్ క్లాసుల్లో ఇలా వంగి కిందికి ఉండటం మీద చాలా పట్టు ఉండేది. బ్యాలే డ్యాన్సర్ గాల్లోకి తేలాలని చూస్తాడు.. జాజ్ డ్యాన్సర్ ముందు నేలను పట్టుకోవాలి.

కొంచెం తేడా కూడా ఉంది. అరమండిలో పాదాలు రెండూ పక్కలకు తిరిగి ఉంటాయి. జాజ్‌లో చాలాసార్లు పాదాలు రెండూ ముందుకే చూస్తూ పక్కపక్కన ఉంటాయి. మోకాలు వంచినప్పుడు అది పాదం వేళ్ల వైపే ఉండాలి, లోపలికి పడకూడదు. ఈ ఒక్క జాగ్రత్త మీ మోకాళ్లను ఏళ్ల తరబడి కాపాడుతుంది.

తర్వాత వచ్చేది ఐసోలేషన్స్. అంటే ఒంట్లో ఒక్క భాగం కదలాలి, మిగతాదంతా కదలకుండా ఉండాలి. ముందు తల.. కుడి, ఎడమ, పైకి, కిందికి. తర్వాత భుజాలు. తర్వాత పక్కటెముకలు. చివరికి నడుము. వినడానికి చాలా తేలిక. అద్దం ముందు నిలబడి పక్కటెముకల్ని మాత్రమే కుడివైపు జరపమంటే అప్పుడు తెలుస్తుంది అసలు కష్టం! భుజం కూడా వెంట పోతుంది, నడుమూ పోతుంది. మొదటి రోజు అందరికీ ఇంతే. మెదడు ఆ కండరాన్ని ఎప్పుడూ విడిగా వాడలేదు కాబట్టి దారి వెతుక్కోవడానికి వారాలు పడుతుంది.

తలను వంచకుండా మెడను పక్కకు జరిపే కదలిక మన నాట్యంలో ఉంది. సుందరి అనే గ్రీవాభేదం అదే. భరతనాట్యంలో నడుము పైభాగం నిలకడగా ఉంచి కళ్లు, మెడ, చేతులతో ఆడతారు. నల్లజాతి నృత్యాల్లో పక్కటెముకలు, తుంటి స్వేచ్ఛగా ఆడతాయి. కోల్ ఈ రెండింటినీ ఒకే ఒంట్లో పెట్టారు. అందుకే జాజ్ ఐసోలేషన్స్ అటు కవాతులా ఖచ్చితంగా, ఇటు ఆటలా వదులుగా కనిపిస్తాయి.

లెక్క కూడా వింతగా అనిపించవచ్చు. టీచర్ ఫైవ్, సిక్స్, సెవెన్, ఎయిట్ అంటారు.. ఒకటితో కాదు, అయిదుతో మొదలు. అది డ్యాన్స్ కాదు, రెడీ అవమని ఇచ్చే సిగ్నల్. ఆ తర్వాత వచ్చే ఒకటి మీద కదలాలి. మన ఆదితాళానికి కూడా 8 అక్షరాలే కాబట్టి లెక్క తప్పిపోతామన్న బెంగ అక్కర్లేదు. కాకపోతే జాజ్‌లో చప్పట్లు ఎక్కువగా 2, 4 మీద పడతాయి. అలవాటు కొద్దీ 1, 3 మీద కొట్టేస్తాం. ఒకట్రెండు క్లాసుల్లో చెవి సర్దుకుంటుంది.

జీతమిచ్చి డ్యాన్స్ నేర్పిన హాలీవుడ్ క్లాస్

మళ్లీ కోల్ దగ్గరికి వెళ్దాం. 1940ల్లో ఆయన హాలీవుడ్ చేరారు. కొలంబియా పిక్చర్స్‌లో డ్యాన్సర్లకు ఒక వర్క్‌షాప్ మొదలైంది. ఆ రోజుల్లో సినిమా డ్యాన్సర్ అంటే రోజు కూలీ లెక్క. పాట ఉంటే పని, లేకపోతే ఇంట్లో. ఆ పరిస్థితిలో కొంతమంది డ్యాన్సర్లను స్టూడియో జీతం మీద పెట్టుకుంది. షూటింగ్ ఉన్నా లేకపోయినా వాళ్లకు రోజూ క్లాసు. బ్యాలే, భరతనాట్యం, స్పెయిన్ ఫ్లమెంకో, జాజ్.. అన్నీ కోల్ చేతుల మీదుగానే.

పాఠాలు కఠినంగా ఉండేవి. కోల్‌కు కోపం ఎక్కువ. ఒక చెయ్యి రెండు అంగుళాలు కిందికి దిగినా మళ్లీ మొదటి నుంచి చేయించే రకం. ఆయన క్లాసులో ఏడ్చినవాళ్లూ ఉన్నారు, వదిలేసి పోయినవాళ్లూ ఉన్నారు. తన ఒంటినీ అంతే కష్టపెట్టారు. ఇవాళ అలాంటి పద్ధతి ఏ బిగినర్ క్లాసులోనూ ఉండకూడదు. టీచర్ తిడితేనే విద్య వస్తుందన్నది పాత కాలం మాట. భయం వేస్తే ఒళ్లు బిగుసుకుంటుంది.. బిగుసుకున్న ఒంటికి ఐసోలేషన్ రాదు. అందుకే మొదటి రోజే మీకు అవమానంగా అనిపించిన చోటు మీకు సరైన చోటు కాదనుకోండి.

అయినా ఆ శిక్షణలోంచి వచ్చినవాళ్ల పేర్లు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. గ్వెన్ వెర్డన్ ఏళ్లపాటు కోల్‌కు అసిస్టెంట్‌గా ఉండి, తర్వాత బ్రాడ్‌వేలో పెద్ద స్టార్ అయ్యారు. ఆమె భర్త బాబ్ ఫాసీ సొంత జాజ్ స్టయిల్‌తో ప్రపంచం మొత్తానికి తెలిశారు. లోపలికి తిరిగిన మోకాళ్లు, వంగిన భుజాలు, టోపీ, గ్లోవ్స్.. ఇవి చూడగానే ఫాసీ గుర్తొస్తారు. కోల్ దగ్గర ఆడిన మరో డ్యాన్సర్ మాట్ మాటాక్స్ ఆ టెక్నిక్‌ను ఒక పద్ధతిలో పేర్చి, న్యూయార్క్ తర్వాత యూరప్‌కు తీసుకెళ్లారు. లండన్, పారిస్‌లో నేర్పి ఫ్రాన్స్‌లోనే స్థిరపడ్డారు.

మన్రో వెనకాల నిలబడ్డ మనిషి

1946లో వచ్చిన గిల్డా సినిమాలో రీటా హేవర్త్ ఒక చేతి గ్లోవ్ తీస్తూ చేసే పాట ఇప్పటికీ వీడియో క్లిప్పుల్లో తిరుగుతూనే ఉంది. ఆ డ్యాన్స్ కోల్‌దే. 1953లో జెంటిల్‌మెన్ ప్రిఫర్ బ్లాండ్స్ సినిమాలో మార్లిన్ మన్రో గులాబీ రంగు గౌన్‌లో వజ్రాల గురించి పాడే పాట కూడా ఆయనదే. 1985లో పాప్ సింగర్ మడోనా తన మెటీరియల్ గర్ల్ వీడియోలో ఆ పాట సెట్టింగ్‌నే మళ్లీ దించారు.

ఇక్కడ బిగినర్లకు పనికొచ్చే పాఠం ఒకటి ఉంది. మన్రో శిక్షణ పొందిన డ్యాన్సర్ కాదు. చాలా భయపడేవారు. కోల్ ఆమెతో పెద్ద పెద్ద జంపులు, తిరుగుళ్లు చేయించలేదు. ఒక భుజం ఎత్తడం, చెయ్యి చాపడం, తల ఒక్కసారిగా తిప్పి ఆపడం.. ఇంతే. కానీ ఒక్కో కదలిక ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి అన్నది వెంట్రుకవాసి తేడా లేకుండా నేర్పించారు. వీలైతే ఆ పాట మళ్లీ చూడండి.. సౌండ్ తీసేసి చూడండి. అందులో ఐసోలేషన్స్ లెక్క పెట్టొచ్చు.

1955లో కిస్మెత్ సినిమాలో బాగ్దాద్ కథకు కోల్ చేసిన డ్యాన్సుల్లో మన నాట్యం జాడ మరీ స్పష్టంగా కనిపిస్తుంది. కథ బాగ్దాద్‌దే అయినా మెడ, చేతులు మాత్రం మద్రాసువే! హాలీవుడ్‌కు అప్పట్లో తూర్పు దేశాలన్నీ ఒక్కటే. ఆ తప్పు కోల్ పనిలోనూ ఉంది.

1957లో బ్రాడ్‌వే మీద జమైకా అనే మ్యూజికల్ వచ్చింది. లీనా హార్న్ హీరోయిన్, డ్యాన్సులు కోల్‌వి. అందులో ముఖ్య డ్యాన్సర్‌గా ఆడిన కుర్రాడు ఆల్విన్ ఐలీ. మరుసటి ఏడాది 1958లో ఐలీ నల్లజాతి డ్యాన్సర్లతో సొంత కంపెనీ పెట్టారు. అది ఇవాళ్టికీ ప్రపంచమంతా తిరుగుతోంది. నల్లజాతి మనుషుల ఆటను చూసి కోల్ నేర్చుకున్నదాంట్లో కొంత.. అలా మళ్లీ వాళ్ల చేతికే చేరింది.

క్లాసు రెండో సగం: అసలు డ్యాన్స్ ఇక్కడే

ఐసోలేషన్స్ అయ్యాక నేల మీద కూర్చోబెట్టి కాళ్లు, నడుము సాగదీయిస్తారు. పక్కనున్న అమ్మాయి నుదురు మోకాలికి తగిలిందని మీరు బలవంతంగా వంగొద్దు. లాగినట్టు ఉండాలి, కుచ్చుకున్నట్టు ఉండకూడదు.

తర్వాత అక్రాస్ ద ఫ్లోర్. ఇద్దరు ముగ్గురు చొప్పున వరుసలు కట్టి హాల్లో ఈ చివర నుంచి ఆ చివరకు స్టెప్పులు వేసుకుంటూ వెళ్లాలి. కొత్తవాళ్లకు అన్నిటికంటే భయం వేసేది ఇక్కడే, ఎందుకంటే అందరూ చూస్తున్నట్టు ఉంటుంది. నిజానికి వరుసలో వెనకున్నవాళ్లంతా తమ స్టెప్ గుర్తు పెట్టుకునే హడావుడిలో ఉంటారు. మొదటి వరుసలోకి పోకుండా రెండో, మూడో వరుసలో ఉంటే ముందువాళ్లను చూసి పట్టుకోవచ్చు. చివరి వరుసలో మాత్రం ఉండొద్దు, చూసి చేయడానికి ముందు ఎవరూ సరిగ్గా కనిపించరు.

అక్కడ వినిపించే పేర్లు కొన్ని ఇవి. జాజ్ స్క్వేర్.. కాళ్లతో నేల మీద నాలుగు అడుగుల్లో చతురస్రం గీయడం. షాసే.. ఒక కాలు ఇంకో కాలిని తరుముతున్నట్టు జరగడం. కిక్ బాల్ ఛేంజ్.. కాలు విసిరి, వెనక్కి పెట్టి, చటుక్కున బరువు మార్చడం. పా దె బూరే.. వెనక, పక్క, ముందు అని మూడు చిన్న అడుగులు. తిరిగేటప్పుడు కళ్లు తిరగకుండా ఎదురుగా ఒక గుర్తును చూస్తూ ఉండి, ఒళ్లు తిరిగాక చివర్లో తల చటుక్కున తిప్పి మళ్లీ అదే గుర్తును చూడాలి. దీన్ని స్పాటింగ్ అంటారు.

చివర్లో కాంబినేషన్. అంటే నేర్చుకున్న స్టెప్పులన్నీ కలిపి ఒక చిన్న డ్యాన్స్. బిగినర్లకు ఎక్కువగా నాలుగు ఎనిమిదులు, అంటే 32 లెక్కలు ఉంటాయి. ముందు లెక్కతో, తర్వాత మెల్లగా, ఆఖరికి పాటతో. మొదటి రోజు మొత్తం రాకపోవడం మామూలే. కాళ్లు పట్టుకోండి ముందు, చేతులు తర్వాత వస్తాయి. స్టెప్ తప్పితే ఆగిపోవద్దు, తర్వాతి ఒకటి మీద కలిసిపోండి.

బట్టల విషయానికొస్తే జీన్స్ వద్దు. సాగే ప్యాంటు, టీషర్ట్ చాలు. చున్నీ, గాజులు, పొడవాటి చెవి జుంకాలు ఇంట్లోనే. జుట్టు గట్టిగా కట్టుకోండి. జాజ్ షూస్ మొదటి రోజే కొనక్కర్లేదు, టీచర్‌ను అడిగి వట్టి కాళ్లతో చేయొచ్చు. ఉత్త సాక్సులతో మాత్రం చేయొద్దు, జారిపడతారు. నీళ్ల బాటిల్ తప్పనిసరి. మర్నాడు, ఆ మర్నాడు తొడలు, పిక్కలు నొప్పిగా ఉంటాయి, అది సహజం. కీలులో గుచ్చినట్టు నొప్పి వస్తే మాత్రం ఆగి టీచర్‌కు చెప్పండి.

స్టెప్పు ఎవరిది? పేరు ఎవరికి?

కోల్ చివరి ఏళ్లు అంత వెలుగులో గడవలేదు. సినిమా మ్యూజికల్స్ తగ్గిపోయాయి. 1965లో బ్రాడ్‌వేలో పెద్ద హిట్ అయిన మ్యాన్ ఆఫ్ లా మాంచాకు డ్యాన్సులు చేశారు. తర్వాత లాస్ ఏంజెలెస్‌లో యూనివర్సిటీ విద్యార్థులకు పాఠాలు చెప్పారు. 1974 ఫిబ్రవరి 17న, 62 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆయన సినిమాలు చేసిన కాలమంతా డ్యాన్స్ డైరెక్టర్లకు ఆస్కార్ లేదు. 1930ల్లో మూడేళ్లు మాత్రం ఆ విభాగం పెట్టి తీసేశారు. అమెరికాలో డ్యాన్స్ కంపోజిషన్‌కు కూడా కాపీరైట్ ఉంటుందని చట్టంలో స్పష్టంగా రాసింది 1976లో. అమల్లోకి వచ్చింది 1978లో. అప్పటికే కోల్ పోయి నాలుగేళ్లు. పాట రాసినవాడికి, ట్యూన్ కట్టినవాడికి హక్కు ఉంది.. ఆ పాటను జనం కళ్లలో నిలబెట్టినవాడికి లేదు.

అయితే ఇదే ప్రశ్న తిప్పి కోల్‌ను కూడా అడగాలి. సవాయ్ ఫ్లోర్ మీద ఆడిన పేరు తెలియని కుర్రాళ్లకు ఏం దక్కింది? మైలాపూర్‌లో ఆ నాట్యాన్ని దాచి ఇచ్చిన గౌరీ అమ్మాళ్ పేరు జాజ్ నేర్చుకునే ఎంతమందికి తెలుసు? ఆమె చివరి రోజులు పేదరికంలోనే గడిచాయి. పేరు దక్కలేదని బాధపడాల్సిన మనిషి వెనకాల, అసలు పేరే లేని మనుషులు ఎందరో ఉన్నారు.

ఇండియాకు వచ్చాక కూడా ఈ కథ ఆగలేదు. 1980ల్లో ముంబైలో షామక్ దావర్ జాజ్ క్లాసులు మొదలుపెట్టి దాన్ని మన సినిమా డ్యాన్స్‌తో కలిపారు. 1997లో వచ్చిన దిల్ తో పాగల్ హై సినిమాకు ఆయనకు నేషనల్ అవార్డు వచ్చింది. భరతనాట్యం నేర్చుకున్న ప్రభుదేవా ఒంట్లో వెస్టర్న్ స్టెప్ ఎంత వింతగా మెరిసిందో మనకు తెలిసిందే. గట్టి పునాది ఉన్న ఒళ్లు ఏ డ్యాన్స్‌నైనా తనదిగా చేసుకుంటుంది.

ఇచ్చోడ పిల్లల దగ్గర ఆల్రెడీ ఉన్నది

దీపావళి రోజుల్లో ఇచ్చోడ చుట్టుపక్కల గోండు గూడేల్లో దండారి మొదలవుతుంది. నెమలి ఈకల టోపీలు, ఒంటికి బూడిద, చేతిలో కర్ర, కాళ్లకు గజ్జెలు.. గుస్సాడీలు వస్తారు. మోకాళ్లు వంచి, నేలను తొక్కుతూ, బరువంతా కిందికి పెట్టి ఆడే ఆట అది. ఆ ఆటను వేలమందికి నేర్పిన మార్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు.

గుస్సాడీ జాజ్ కాదు. దానికి దాని దేవుళ్లు ఉన్నారు, దాని నియమాలు ఉన్నాయి. కానీ దాన్ని చూస్తూ పెరిగిన పిల్లకు నేలను పట్టుకోవడం అంటే ఏంటో టీచర్ చెప్పక్కర్లేదు. డప్పు వింటూ పెరిగిన పిల్లాడికి బీట్ ఎక్కడ పడుతుందో చెవికి తెలుసు. కోల్ ఏళ్ల తరబడి వెతుక్కుంటూ వెళ్లి నేర్చుకున్న రెండు విషయాలు ఇవే.. నేల, లయ. అవి మన ఇంటి ముందే ఉన్నాయి.

అందుకే జాజ్ బోర్డు చూసి వెనక్కి తగ్గొద్దు. లోపలికి వెళ్లండి, మోకాళ్లు వంచండి, మెడ పక్కకు జరపండి. తప్పులు పోతాయి, పోనివ్వండి. నేర్చుకున్న స్టెప్‌తో రేపు రీల్ పెడితే మాత్రం ఒక చిన్న పని చేయండి.. అది ఎవరి దగ్గర నేర్చుకున్నారో వాళ్ల పేరు కింద రాయండి. స్టెప్పు గూడెంలో చూసిందైతే ఆ గూడెం పేరూ రాయండి. జాక్ కోల్‌కు దక్కనిది, గౌరీ అమ్మాళ్‌కు దక్కనిది, సవాయ్ కుర్రాళ్లకు దక్కనిది అదొక్కటే.